ఇంట గెలిచాకే ఇంటర్వ్యూ

హన్మకొండలో ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేయడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. ‘నీ గురించి చెప్పు’ అనగానే ఏ కాలేజీలోనైనా ఒకటే జవాబు. కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, నలుగురితో కలిసిపోతాను. అంతా ఇంగ్లిష్‌లో, ఊపిరి తీసుకోకుండా. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, మిగతా పాఠం మారదు. ఎదుట కూర్చున్న మనిషి పొద్దుటి నుంచి అదే పాఠం వింటూ ఉంటాడు. సాయంత్రానికి ఆయనకు ఎవరు గుర్తుంటారు?

ఒక అబ్బాయి రెజ్యూమెలో ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టు ఉంది. ఎన్ని ఫొటోలతో నేర్పించావు, గదిలో వెలుతురు తగ్గితే ఏమవుతుంది అని అడిగాను. నోరు పెగల్లేదు. అది కొన్న ప్రాజెక్టు. ఇంకా గుచ్చడం ఇష్టం లేక, సెలవుల్లో ఏం చేస్తావని మాట మార్చాను. ‘మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్ల, అడ్తి దుకాణంల లెక్కలు రాస్త సార్’ అన్నాడు. అక్కడి నుంచి ఆగలేదు. జెండా పాటలో పలికిన ధర అన్ని బస్తాలకూ ఎందుకు రాదో, తేమ ఉందని ఎట్లా తగ్గిస్తారో, తాలు కాయ వేరు చేయకపోతే రైతుకు ఏమవుతుందో చెప్పాడు. రైతుకు ఇచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీలో ఒక్క అంకె తప్పు పడినా రైతుతో పంచాయితీ. అందుకని ఫోన్‌లోనే ఎక్సెల్ పట్టిక తయారు చేసుకున్నాడు. కాంటా బరువు కొడితే చాలు, కోతలన్నీ పోను రైతు చేతికి వచ్చేది ఎంతో చూపిస్తుంది.

ఇది రెజ్యూమెలో ఎందుకు రాయలేదంటే, ‘అది మా నాయిన పంపితె పోయే పని సార్, ఉద్యోగం కాదు కద’ అన్నాడు.

నాకు బాధ కలిగించేది ఇదే. చేసిన పనిని దాచిపెట్టి, చేయని పనిని పైకి రాసుకుంటున్నారు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి అమ్మాయికి నూలు లెక్క, రంగు లెక్క చిన్నప్పటి నుంచీ తెలుసు. అడిగితే తప్ప చెప్పదు. తల్లిదండ్రుల పని చెప్పుకోవడం నామోషీ అని వీళ్లకు ఎవరో నేర్పారు. ఎవరు నేర్పినా తప్పే నేర్పారు.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడుగుతున్నది కూడా నిజంగా చేసిన పని సంగతే. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూశారు. తోచింది అడిగే పిచ్చాపాటీ కంటే, అందరినీ ఒకే రకం ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూనే మనిషి రేపు ఎట్లా పనిచేస్తాడో బాగా చెప్పగలదని తేల్చారు. ‘చిక్కు వచ్చినప్పుడు నువ్వేం చేశావు?’ అన్నది అట్లాంటి ప్రశ్నల్లో ఒకటి. కొన్న ప్రాజెక్టు దీనికి జవాబివ్వలేదు. ఎనుమాముల ఇస్తుంది.

సివిల్స్‌లోనూ అంతే. మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూకు 275. ప్రశ్నలు చాలావరకు అభ్యర్థి నింపిన దరఖాస్తులోంచే పుడతాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్లమని రాసినవారు రామప్ప గుడి ఇసుక పునాది గురించీ, తేలికైన ఇటుకల గురించీ, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు గురించీ నాలుగు మాటలు చెప్పగలగాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చి గురించి కూడా. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక ఇంగ్లిష్ భయం. సివిల్స్‌లో తెలుగుకు చోటుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాసి 2016 పరీక్షలో మూడో ర్యాంకు సాధించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి మాత్రం ఇంగ్లిష్ తప్పదు, కాదనను. కానీ మన పిల్లలు ముందు ఇంగ్లిష్ వాక్యం బట్టీ పట్టి తర్వాత అందులో అర్థం వెతుక్కుంటున్నారు. మొదట మీ ప్రాజెక్టును ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పండి. ‘గట్లెందుకు చేసినవ్?’ అని ఆమె అడిగిందంటే మీరు సరిగ్గా చెప్పినట్టే. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లో పెట్టుకోండి. వ్యాకరణం ఒకచోట తడబడినా విషయం నిలబడుతుంది.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి. అయితే అక్కడితో ఆపకండి. ఎక్కడి దాకా తెలుసో, మిగతాది ఎట్లా కనుక్కుంటారో చెప్పండి. లేని అనుభవాన్ని ఉన్నట్టు కాగితాలు పుట్టించి ఇస్తామనే కన్సల్టెన్సీల గడప మాత్రం తొక్కవద్దు. కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు ఆరా తీస్తాయి. ఉద్యోగంలో చేరాక బయటపడితే ఆ నౌకరీ పోవడమే కాదు, తర్వాతి దానికీ అడ్డం పడుతుంది.

2020 జనవరిలో వరంగల్ దగ్గరి మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు తెరుచుకున్నాయి. సొంత ఊళ్లోనే ఐటీ ఉద్యోగం చేయవచ్చన్న ఆశ మన పిల్లలకు వచ్చింది. ఆ ఆశ నిలవాలంటే కాలేజీలు కొన్న ప్రాజెక్టులకు సంతకాలు పెట్టడం మానాలి. పిల్లలకు నా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం మీ రెజ్యూమె ముందు పెట్టుకొని ప్రతి వాక్యాన్నీ ‘ఎట్లా?’, ‘ఎందుకు?’ అని అడగండి. జవాబు లేని వాక్యాన్ని కొట్టేయండి. ఖాళీ అయిన చోట పొలంలోనో, దుకాణంలోనో, మగ్గం దగ్గరో మీరు నిజంగా చేసిన పనిని రాయండి.