పారబోసే ముందు ఒకసారి చూడండి

కారు సర్వీసుకిచ్చి తెచ్చుకున్నప్పుడు చేతిలో పెట్టే బిల్లులో కొత్తగా పోసినవన్నీ వివరంగా ఉంటాయి. గేర్ ఆయిల్ ఇన్ని లీటర్లు, కూలెంట్ ఇన్ని లీటర్లు, వాషర్లు, కూలి, జీఎస్టీ. లోపల్నుంచి తీసి పారబోసినదాని గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఏళ్ల తరబడి గేర్ల పళ్ల మధ్య నలిగినదీ, ఇంజన్ వేడిని మోసినదీ ఆ పాత ద్రవమే. బండి ఎలా ఉందో దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దాన్ని మనం చూడకుండానే డ్రమ్ములోకి వంపేస్తారు. గేర్ ఆయిల్, కూలెంట్ మార్చడం నేను ఇంటి దగ్గరే పెట్టుకున్నది ముఖ్యంగా ఇందుకే. కూలి డబ్బులు మిగులుతాయి, సంతోషమే. కానీ ఆ పాత నూనె గిన్నెలోకి దిగుతుంటే పక్కన కూర్చుని చూడటం, వేలితో తీసి వెలుతురులో పెట్టుకోవడం నాకు ఆ డబ్బు కన్నా ఎక్కువ.

ఇంజన్ ఆయిల్ సంగతి ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. ఏడాదికో, పదివేల కిలోమీటర్లకో మార్పిస్తూనే ఉంటారు. దాని ఒత్తిడి పడిపోతే ఎదురుగా ఎర్రదీపం వెలుగుతుంది. గేర్ ఆయిల్‌కి అలాంటి దీపం లేదు. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10 లాంటి మాన్యువల్ గేర్ల కార్లలో చాలావాటికి గేర్ బాక్సులో నూనె ఎంత ఉందో చూసుకోవడానికి డిప్ స్టిక్ కూడా ఉండదు. కూలెంట్ డబ్బా బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది కానీ, గీత దాకా ఉందా లేదా అని తప్ప ఎవరూ చూడరు. రెండూ చప్పుడు చేయకుండా పాతబడతాయి. చప్పుడు చేసే రోజు వచ్చేసరికి ఖర్చు వేలు దాటి ఉంటుంది.

గేర్ ఆయిల్ దించాలంటే ముందు బండిని కొంతదూరం తిప్పుకురావాలి. వెచ్చబడిన నూనె పలచబడి, అడుగున పేరుకున్న మడ్డితో సహా దిగుతుంది. తర్వాత కారును చదునైన నేల మీద నాలుగు స్టాండ్ల పైన సమంగా నిలబెట్టాలి. ముందువైపు మాత్రమే లేపితే నూనె మట్టం తప్పుగా కనిపిస్తుంది. జాకీ బండిని ఎత్తడానికే. ఉత్త జాకీ మీద నిలబెట్టి కిందికి దూరడం ప్రాణంతో చెలగాటం, ఎంత తొందరున్నా ఆ పని వద్దు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్ బాక్సులు విప్పి బిగించడంలోనే తల నెరిసిన ఒక మేస్త్రీగారు నాకు అన్నిటికన్నా ముందు చెప్పింది ఏ నట్టు తర్వాత ఏ నట్టు అన్నది. "ముందు పై నట్టు వదులు చేసి చూడండి సార్. అది తిరిగితేనే కింద నట్టు జోలికెళ్లండి" అన్నారు. పైది నూనె పోసే నట్టు, కిందది దించే నట్టు. కిందది విప్పి ఉన్న నూనెంతా వదిలేశాక పైది తుప్పు పట్టి బిగుసుకుపోయిందని తెలిస్తే, ఖాళీ గేర్ బాక్సుతో బండి ఇంటి ముందే ఆగిపోతుంది. తోలుకెళ్లడానికీ లేదు. ఇంత చిన్న మాటలో ఎంత అనుభవం ఉందో ఆలోచించండి. మన ఊళ్ల షెడ్లలో ఇలాంటివి నోటిమాటగానే నడుస్తున్నాయి. ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

ఇక నూనె దిగింది. చిన్న కార్లలో రెండు లీటర్లకు అటూ ఇటూ వస్తుంది. కొత్తగా పోసినప్పుడు లేత పసుపులో ఉన్నది ఇప్పుడు నల్లగానో బూడిద రంగులోనో ఉంటుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. డ్రెయిన్ నట్టు చివర చాలా బండ్లకు చిన్న అయస్కాంతం ఉంటుంది. అసలు చూడాల్సింది దాని మీద. కాటుకలా మెత్తగా, వేళ్ల మధ్య గరగర లేకుండా అంటుకునే నల్లటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. పళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకున్నాక అంతమాత్రం రాలక తప్పదు. సూదిమొనల్లాంటి ముక్కలు, గోటికి తగిలే రవ్వలు కనిపిస్తే మాత్రం బేరింగో గేరు పన్నో పోతోందని అర్థం. పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. వరద నీళ్లలో బండి నడిపినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

అయస్కాంతం చూపించనిది ఒకటుంది. నూనె ఉన్న గిన్నెను ఎండలో పెట్టి కొంచెం వంచి చూస్తే, సన్నటి పసుపు మెరుపులు తేలుతుంటాయి. అది ఇత్తడి, అయస్కాంతానికి అంటదు. సింక్రో రింగుల నుంచి రాలేది అదే. పాత లారీ డ్రైవర్లు గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కేవాళ్లు. తిరుగుతున్న రెండు చక్రాల వేగం చెవితో విని కలిపేవాళ్లు. ఆ పనిని లోహానికి నేర్పినవాడు ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆయన సింక్రోమెష్ 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చింది. గేరు పడబోయే ముందు ఒక చిన్న రింగు పక్క చక్రానికి ఒరుసుకుని రెండింటి వేగాన్నీ ఒకటి చేస్తుంది. మనం రోజూ ఆలోచించకుండా రెండో గేరు వేయగలుగుతున్నామంటే ఆ రింగు చలవే. అది పట్టుకోవాలంటే కొంచెం రాపిడి ఉండాలి. పళ్లు అరగకుండా ఉండాలంటే జారుడు ఉండాలి. ఒకే నూనె ఈ రెండు పనులూ చేయాలి.

షాపులో నూనె కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది. అయిదు పెద్దది కాబట్టి మేలైనదే అయ్యుంటుందని కొనేస్తారు. జీఎల్-5 వెనక చక్రాల డిఫరెన్షియల్‌లో పడే తీవ్రమైన ఒత్తిడి కోసం తయారైంది. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందు పాలు ఎక్కువ. సింక్రో రింగులకు ఆ జారుడు పనికిరాదు, కొన్ని రకాల గంధకం మందులు వేడికి ఇత్తడిని తినేస్తాయి కూడా. మాన్యువల్ బుక్కులో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 మాత్రమే పోయాలి, చిక్కదనం కూడా అందులో రాసిందే ఉండాలి. షాపువాడి సలహా కన్నా, నా సలహా కన్నా ఆ బుక్కు పెద్దది.

పోయడం తేలిక. కింద నట్టుకు కొత్త వాషర్ వేసి బిగించి, పై రంధ్రంలోంచి పంపుతోనో సన్న ట్యూబుతోనో నింపుతూ పోతే, నిండాక నూనె ఆ రంధ్రంలోంచే బయటికి కారడం మొదలవుతుంది. ఆ కారడం ఆగి చుక్కలయ్యాక పై నట్టు బిగించేయడమే.

ఆటోమేటిక్ కార్లున్నవాళ్లు ఈ వరసనే పట్టుకుని పనిలోకి దిగొద్దు. మన దగ్గర ఆటోమేటిక్ అనే పేరు కింద వేర్వేరు యంత్రాలున్నాయి. 2014లో సెలెరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్ బాక్సే, క్లచ్ తొక్కే పని మనకు బదులు ఒక యంత్రం చేస్తుంది. దానికి గేర్ ఆయిల్ చాలు, ఆ యంత్రానికి వేరే ద్రవం ఉంటుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న అసలైన ఆటోమేటిక్‌లో, సీవీటీలో నూనె ఒట్టి నూనె కాదు. బలాన్ని మోసేదీ, ప్లేట్లనో బెల్టునో పట్టి ఉంచేదీ అదే. ఒకదానిది ఇంకోదానికి పోస్తే పాడవుతుంది. పైగా కింద నట్టు విప్పితే దిగేది సగం కూడా ఉండకపోవచ్చు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. మట్టం చూడాలంటే చాలావాటిలో ఇంజన్ నడుస్తూ, నూనె ఫలానా వేడిలో ఉండాలి. ఇది ఇంటి ముందు చేసే పనిగా నాకు అనిపించదు. కానీ వర్క్‌షాపులో చేయించినా పాత నూనె చూపించమని అడగండి. ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన వేస్తుంటే, క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి.

కూలెంట్ దగ్గరికొస్తే, మన నేలకు దీని అవసరం వేరు. చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా పోసుకున్న ఇథిలీన్ గ్లైకాల్ మనకు రెంటచింతల ఎండల్లో, రామగుండం ఎండల్లో నీళ్లు మరగకుండా పనికొస్తోంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల అది దాదాపు 130 డిగ్రీల దాకా పోతుంది. ఆ మూతలో ఉన్నది ఒక స్ప్రింగు, ఒక రబ్బరు. ఆ రబ్బరు చీకితే ఎంత మంచి కూలెంట్ పోసినా తిరుమల ఘాట్‌లో, శ్రీశైలం దారిలో బానెట్ ఎత్తి నిలబడాల్సి వస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ కష్టం ఎక్కువ, బండి వేగం తక్కువ, రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా తిప్పండి. మే నెలలో హీటరేమిటని పిల్లలు గోల చేస్తారు. కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిలో కొంత భాగాన్ని అది లాగేస్తుంది.

వేడి మీద మూత తీయవద్దని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. లోపలి ద్రవం 107 డిగ్రీలు దాటి ఉన్నా మరగకుండా ఉన్నది ఒత్తిడి వల్లే. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోతుంది, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కాబట్టి గేర్ ఆయిల్‌కు బండి వెచ్చగా ఉండాలి, కూలెంట్‌కు పూర్తిగా చల్లారి ఉండాలి. నేనైతే కూలెంట్ పని తెల్లవారాకే మొదలుపెడతాను.

పాత కూలెంట్ చెప్పే కథ గేర్ ఆయిల్ కథకన్నా సూటిగా ఉంటుంది. రంగు వెలిసి ఇటుక రంగుకు తిరిగితే లోపల ఇనుము తుప్పు పడుతోంది. పైన నూనె తెట్టె కడితే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పడాలి. అడుగున తెల్లటి పొడి కనిపిస్తే ఎవరో ఎప్పుడో బోరు నీళ్లు పోశారు. మన జిల్లాల్లో బోరు నీళ్ల సంగతి తెలిసిందే, రాత్రి కాచిన గిన్నెకు తెల్లారేసరికి పొర కడుతుంది. రేడియేటర్ సన్న గొట్టాలకూ అదే పొర పడుతుంది. 1901 నాటి మెర్సిడెస్‌కు విల్హెల్మ్ మేబాక్ 8,070 చిన్న గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ కట్టాక 9 లీటర్ల నీళ్లు చాలాయి. నేటి చిన్న కారు నాలుగైదు లీటర్లతో నడుస్తోంది. అంత తక్కువ నీళ్లతో పని జరగాలంటే ప్రతి గొట్టమూ శుభ్రంగా ఉండాలి. గాఢమైన కూలెంట్ కొంటే బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలపండి. నీళ్లు కలిపి సిద్ధంగా వచ్చినదైతే ఇంకేమీ కలపొద్దు. గ్లైకాల్ ఎక్కువ పోస్తే మరింత చల్లబడుతుందన్నది అపోహ, వేడిని మోయడంలో నీళ్లే దానికన్నా మేలు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులను నమ్ముకోవడం కూడా వద్దు. అవి తయారీదారు కలిపే రంగులే, తుప్పును ఆపే మందు ఏమిటన్నది బుక్కులో చూడాలి. ఆ మందు ఏళ్లు గడిచేకొద్దీ అయిపోతుంది, గ్లైకాల్ తనే నెమ్మదిగా ఆమ్లంగా మారి అల్యూమినియాన్ని తింటుంది. మట్టం సరిగ్గా ఉన్నంత మాత్రాన కూలెంట్ బాగున్నట్టు కాదు.

నింపేటప్పుడు గాలిని బయటికి పంపడంలోనే ఓపిక కావాలి. హీటర్ వేడి వైపు పూర్తిగా తిప్పి, నెమ్మదిగా పోసి, మూత తీసి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయాలి. ముందు పై హోసు వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నాక కింది హోసు కూడా వేడెక్కుతుంది. మట్టం హఠాత్తుగా పడిపోయి బుడగలు వస్తాయి, మళ్లీ పోయాలి. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా చూసి మూత పెట్టాలి. మర్నాడు చల్లటి బండి మీద డబ్బాలో మట్టం మళ్లీ చూడాలి. లోపల గాలి మిగిలిపోతే ఆవిరిలో ఉన్న సెన్సర్ వేడిని సరిగా చూపించదు, ముల్లు మధ్యలో ఉండగానే ఇంజన్ కాలిపోవచ్చు. కొన్ని బండ్లకు గాలి వదిలే ప్రత్యేకమైన నట్టు ఉంటుంది, రేడియేటర్‌కు మూతే లేనివీ ఉన్నాయి. వాటి పద్ధతి వాటి బుక్కులోనే దొరుకుతుంది.

చివరికి మిగిలేవి రెండు క్యాన్లు. నల్లటి గేర్ ఆయిల్ ఒకటి, పాత కూలెంట్ ఒకటి. నాకు బెంగంతా రెండో దాని మీదే. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్ది మోతాదు చాలు, మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. పనయ్యాక నేల మీద పడిన చుక్కలను కూడా నీళ్లు పోసి తుడిచేస్తాను, క్యాన్ మీద విషం అని పెద్ద అక్షరాలతో రాసి పిల్లలకు అందని చోట పెడతాను. వాడేసిన ఆయిల్ మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని కొనేవాళ్లున్నారు కాబట్టి ఏ మెకానిక్ షెడ్డులో అయినా డ్రమ్ము ఉంటుంది, ఇస్తే తీసుకుంటారు. కూలెంట్‌ను అడిగేవాడు లేడు. చాలాచోట్ల అది నేరుగా మురిక్కాలవలోకే పోతోంది, కాలవ పంటకాలవలోకి పోతోంది. ప్రతి పెట్రోలు బంకులో గాలి కొట్టే మిషన్ పక్కన మూతలున్న రెండు డ్రమ్ములు పెట్టించి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సంస్థ వచ్చి నింపుకెళ్లేలా చేస్తే ఈ సమస్య సగం తీరుతుంది. కూలెంట్ అమ్మే కంపెనీల మీదే ఆ ఖర్చు పెట్టాలి. అది జరిగేదాకా పాత కూలెంట్‌ను కాలవలో పోయకండి. క్యాన్‌లోనే ఉంచి, తీసుకునే వర్క్‌షాపు దొరికేదాకా అడుగుతూ ఉండండి.