కలుగు చూసి కాపురం చెప్పేవాళ్లు

శ్రీహరికోట అడవిలో దుప్పులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి అడుగు చూసి దారి చెప్పగల యానాది గిరిజనుల్లో చాలా కుటుంబాలు మాత్రం ఆ దీవి వదలాల్సి వచ్చింది. 1969లో ఆ నేలను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. మరుసటేడు వచ్చిన వన్యప్రాణి చట్టం కాలక్రమంలో దుప్పి వేటకు తలుపు మూసింది. మూయాల్సిందే, నాకు సందేహం లేదు. తాతల నాటి వేటల్లో నేటికీ మిగిలినవాటిలో ఒకటి వరికయ్యల్లో ఎలుకవేట.

గెనెం మీద నడుస్తూనే యానాది సగం పని ముగిస్తాడు. కలుగు నోట సాలెగూడు ఉంటే ఇల్లు ఖాళీ. తడి ఆరని మట్టి గుల్లగా పడి ఉంటే రాత్రి లోపల పని జరిగినట్టు. "ఇందులో కాపురం ఉంది రెడ్డా" అని రైతుతో ఒక మాట అనేసి, మిగతా కన్నాలు వెతుకుతాడు. ఎలుక ఒక్క వాకిలితో ఇల్లు కట్టదు కదా! దొరికినవన్నీ బురదతో మూసి, ఒక్కదాని దగ్గర కుండ పెడతాడు. అడుగున చిల్లి ఉన్న మట్టికుండ. అందులో ఎండుగడ్డి కూరి, నిప్పంటించి, మూతిని కలుగుకు ఆనించి, సందులు మెత్తి, చిల్లిలోంచి ఊదుతాడు. నాలుగు బారల అవతల గెనెం పక్కన సన్నగా పొగ లేస్తుంది. అది కంటికి చిక్కని వాకిలి. దాన్నీ మూసి గడ్డపార వేస్తే, ఉక్కిరిబిక్కిరైన ఎలుకలు, వాటి వెనక కొరికి దాచిన వడ్ల వెన్నులు. ఎలుక కూరకు, వడ్లు కూటికి. ఊదేవాడి కళ్లు మండుతాయి, ఛాతీ దెబ్బతింటుంది. తమిళనాట ఎలుకలు పట్టే ఇరుళ గిరిజనులకు చేత్తో తిప్పే పొగయంత్రం చేసిచ్చారు. మనవాళ్లకూ అది కావాలి.

ఒకే ఆయకట్టు మీద పది కుటుంబాలు పడితే నాలుగు రోజుల్లో గెనేలు ఖాళీ. పైగా తీరంలో కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి. 1996 డిసెంబరులో ఆ గుంటలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికే ఆ పని చాలావరకు జరిగిపోయింది. ఇక కొత్త నేల వెతుక్కోవాలి.

దానికో లెక్క ఉంది. ఈశాన్య వానలకు కయ్యలు నిండితే ఎలుకలు మెరక పడతాయి. అప్పుడు కాలవ గట్లు, దిబ్బలు చూడాలి. పైరు పొట్టకొచ్చే వేళకు మళ్లీ కయ్యల్లోకి దిగుతాయి. పిలక ఏటవాలుగా తెగి ఉంటే అది ఎలుక పనే, పురుగు అలా కోయదు. ఒక ఊళ్లో కోత ముగిస్తే ఎలుకలు ఇంకా నిలిచి ఉన్న పక్క పైరుకు పోతాయి. అందుకే కోత ఎక్కడ వెనకబడిందో ఆరా తీస్తే కొత్త నేల దొరికినట్టే. ఆ ఊరి రైతును అడగకుండా గడ్డపార వేయరు. తవ్విన గెనేన్ని మళ్లీ మెత్తి మరీ పోతారు, వచ్చే ఏడు పిలుపు రావాలిగా.

మందు ఎరకు ఈ మర్యాద తెలియదు. అది ఎలుకతో పాటు పిట్టనూ చంపుతుంది. మీ కయ్యలో పిలకలు ఏటవాలుగా తెగి కనబడితే, మందు కొనేముందు యానాదుల్ని పిలవండి. కూలి ముందే మాట్లాడుకోండి. కలుగులో దొరికిన వడ్లు వాళ్లవే.