తెల్లవారుజామున ఫైలు వయసు

కైకలూరు వైపు చేపల చెరువు గట్టు మీద రాత్రి కాపలా దొంగల కోసమే కాదు, ఆక్సిజన్ కోసం కూడా. పగలు నాచు తయారుచేసిన ఆక్సిజన్‌ని రాత్రంతా ఆ నాచూ చేపలూ కలిసి ఖర్చుపెట్టేస్తాయి. తెల్లవారుజాముకి అది బాగా పడిపోయి బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. అందుకని కుర్రాళ్లు మీటరు ముంచి చూసి, అంకెనూ వేళనూ ఫోన్లో ఎక్కిస్తారు. అవి అద్దె సర్వర్లో చెరువుకో ఫైలుగా చేరతాయి.

మా బావ చెరువుల కోసం నేను రాసిన స్క్రిప్టు మొదట్లో చూసేది ఒకటే: ఏ ఫైలు ఎప్పుడు మారిందీ అని. పైథాన్‌లో గెట్‌ఎంటైమ్ అడిగితే 1970 జనవరి 1 నుంచి సెకన్లలో చెబుతుంది. ఇప్పటి సెకన్లలోంచి దాన్ని తీసేస్తే వయసు తేలుతుంది. పెర్ల్‌లో మైనస్ ఎమ్ ఇంకా పొట్టి, జవాబు రోజుల్లో ఇస్తుంది, 0.5 అంటే పన్నెండు గంటలు. కాకపోతే అది స్క్రిప్టు మొదలైన క్షణం నుంచి లెక్కేస్తుంది. రాత్రంతా నడిచే స్క్రిప్టులో ఆ తర్వాత మారిన ఫైలుకి వయసు మైనస్‌లో వస్తుంది!

చాలామంది “ఈరోజు మారినవి” అని తేదీతో వెతుకుతారు. నాకది గిట్టదు. అద్దె సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. మనకి తెల్లవారుజాము 5.30 అయ్యేదాకా దానికి నిన్నే. సరిగ్గా చేపలు తేలే వేళ. వయసు అడిగితే ఈ పేచీ లేదు: ఏ ఫైలు అయినా రెండు గంటలు కదలకపోతే బావ ఫోను మోగుతుంది.

అలాగని మారిన వేళని గుడ్డిగా నమ్మడానికీ లేదు. టచ్ అనే ఆదేశం ఒక్క అక్షరం మార్చకుండానే పాత ఫైలుని కొత్తది చేసేస్తుంది. లినక్సులో ఉత్త సీపీతో కాపీ చేస్తే కాపీకి ఈ నిమిషం వేళ పడుతుంది, పాతది నిలవాలంటే మైనస్ పీ చేర్చాలి.

“కుర్రాడు లేచి, సేవ్ నొక్కి మళ్లీ పడుకుంటేనో?” అన్నాడు బావ. అప్పుడే చివరి వరుసలోని వేళని కూడా చదివించాను. “అంకె ఊహించి వేస్తే?” అన్నాడు, వదలకుండా. దానికీ ఒక షరతు చేర్చాను. నీటిలోకి గాలి కొట్టే ఏరియేటరు తిప్పకుండానే, అర్ధరాత్రి దాటాక కూడా ఆక్సిజన్ వరుసగా ఒకే అంకె దగ్గర నిలబడితే, నిద్రపోయింది కుర్రాడైనా అయుండాలి, మీటరైనా అయుండాలి.