నంబరు మార్చే ముందు

సెలవు రోజు మధ్యాహ్నాలు నేను చేసే పని ఒకటుంది: నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ మాన్యువళ్లలో పాతబడిన ప్రమాణాల నంబర్లు సరిచూడటం. పేరూ రాదు, పైసా రాదు. ఇంట్లో అడిగితే ‘నంబర్లు దిద్దుతున్నా’ అంటాను. అంతకు మించి చెప్పబోతే వినేవాళ్లు లేచి వెళ్లిపోతారు.

ఇంటర్నెట్ నియమాలు చాలావరకు ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాల్లో ఉంటాయి. మొదటిది 1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ రాశాడు. నంబరు పడి బయటికొచ్చిన ఆర్‌ఎఫ్‌సీలో చెప్పిన అర్థాన్ని మళ్లీ మార్చరు. నియమం మారితే కొత్త నంబరుతో మరో పత్రం వస్తుంది, ఫలానా పాతది రద్దని అందులో రాస్తారు. మన జీవోల వరసే ఇది. పాత జీవో కాపీ చేతిలో ఉన్నవాడికి అది రద్దయిందని ఆ కాగితం చెప్పదు. యంత్రాల మధ్య డేటా చేరవేసే టీసీపీకి 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 నలభై ఏళ్లు ఆధారం. 2022లో దాని స్థానంలో 9293 వచ్చింది. వెబ్ వాడే హెచ్‌టీటీపీ 1.1 సంగతి ఇంకా గజిబిజి. 1999లో 2616 ఒక్కటే పత్రం. 2014లో దాన్ని 7230 నుంచి 7235 దాకా ఆరుగా విడగొట్టారు. 2022లో వాటినీ తీసేసి 9110, 9111, 9112 తెచ్చారు.

అయితే పాత నంబరు వెతికి కొత్తది పెట్టేస్తే సరిపోతుంది కదా? కొత్తగా చేరిన ఉత్సాహవంతులు పంపే మార్పులు చాలావరకు అలాంటివే. వాటిని చూస్తే నాకు గుండె దడ.

ఉదాహరణకు, టీసీపీలో ‘ఇంతవరకు అర్జెంటు’ అని చెప్పే అర్జెంట్ పాయింటర్ ఉంది. అది అర్జెంటు డేటాలో చివరి బైటును చూపాలా, ఆ తర్వాతి బైటునా? 793లో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. 1989లో 1122 వచ్చి చివరి బైటేనని తేల్చింది. కానీ అప్పటికే బీఎస్‌డీ యునిక్స్ బాటలో రాసిన కోడు తర్వాతి బైటును చూపిస్తోంది, అది మారలేదు. ఇరవై ఏళ్లు దాటాక, 2011లో, 6093 లొంగిపోయింది: అందరూ చేస్తున్నదే ఇక నియమం. ఆ మాటనే 9293 తనలో కలుపుకుంది. ఇప్పుడు లినక్స్ మాన్యువల్‌లోని టీసీపీ పేజీకి రండి. అక్కడ టీసీపీ_ఎస్‌టీడీఅర్జ్ అనే సెట్టింగు ఉంది. ఆన్ చేస్తే 1122 చెప్పిన అర్థం పాటిస్తుందని రాసి ఉంటుంది. టీసీపీ సంగతులన్నీ ఇప్పుడు 9293లోనే ఉన్నాయి కదా అని అక్కడ నంబరు మార్చారో, వాక్యం అచ్చంగా తలకిందులవుతుంది. చదివినవాడు ఆ సెట్టింగు ఆన్ చేసి, అవతలి యంత్రంతో ఒక బైటు తేడా ఎందుకొస్తోందో తెలియక జుట్టు పీక్కుంటాడు.

ఐపీవీ6 సాకెట్లదీ అదే కథ. 1999 నాటి 2553ని 2003లో 3493 రద్దు చేసింది. కానీ గెట్‌ఐపీనోడ్‌బైనేమ్ అనే ఫంక్షన్ 2553తోనే పోయింది, కొత్తదాంట్లో లేదు. ఆ ఫంక్షన్ పేజీలో 2553 అలాగే ఉండాలి.

ఇందుకే ఈమధ్య లినక్స్ మాన్యువళ్లలో ‘ప్రమాణాలు’, ‘చరిత్ర’ అని రెండు శీర్షికలు వేరుచేయడం నాకు బాగా నచ్చింది. గెట్‌హోస్ట్‌బైనేమ్ అనే ఫంక్షన్‌నే తీసుకోండి. యునిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ 2001 ప్రతిలో ఉంది, 2008 ప్రతిలో తీసేశారు. ఈ సంగతి చరిత్రలోకి వెళ్తుంది. ఇప్పుడు దేన్ని నమ్మి కోడు రాయాలన్నది ప్రమాణాల కింద ఉంటుంది. ఒకే శీర్షిక కింద రెండూ కుక్కిన రోజుల్లో, ఏ నంబరు జ్ఞాపకమో ఏది హామీయో తేల్చుకోవడం పాఠకుడి వంతయ్యేది.

సెక్షన్ నంబర్ల గొడవ వేరే. పత్రం మారితే అవీ మారతాయి, కొన్ని సెక్షన్లయితే వేరే పత్రంలోకే వెళ్లిపోతాయి. ఇక చిత్తుప్రతుల్ని ఉదహరించేవాళ్లకు ఒక్కటే చెబుతాను: ఇంటర్నెట్ డ్రాఫ్టుకు ఆరు నెలలే ఆయుష్షు.

మీరూ ఎప్పుడైనా ఇలాంటి మార్పు పంపితే, పాత పత్రంలో ఏ పేరా చదివారో, కొత్తదాంట్లో దానికి సరిపడే పేరా ఏదో, కోడు ఆ రెంటిలో దేన్ని పాటిస్తోందో మార్పుతోపాటు రెండు వాక్యాల్లో రాయండి. అవి లేని మార్పును నేను ఒప్పుకోను.