పండు ఈగకు పేరు పెట్టడం

నూజివీడు వైపు మామిడి తోటల్లో మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన బుట్టల్లో పడేవన్నీ రైతు లెక్కలో పండు ఈగలే. కీటక శాస్త్రం లెక్కలో మాత్రం మామిడిని పట్టే ఈగల్లో ముఖ్యమైనవి మూడు జాతులు: బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా కరెక్టా, బాక్ట్రోసెరా జోనాటా. వీటిని విడదీసే గుర్తులు రెక్కల మీదా ముఖం మీదా ఉంటాయి. డోర్సాలిస్ రెక్క ముందంచు వెంట ముదురు చార తెగకుండా కొసదాకా సాగుతుంది. మిగతా రెండింటిలో అది మధ్యలోనే తెగి, కొసన మచ్చగా మిగులుతుంది. కరెక్టా ముఖం మీది నల్లమచ్చలు అడ్డంగా సాగి దాదాపు కలిసిపోతాయి. జోనాటావి విడివిడిగా ఉంటాయి, ఒళ్లు కూడా ఎర్రబారి ఉంటుంది.

ఈ గుర్తుల్లో దేనికీ సరిపడని ఈగ దొరికినంత మాత్రాన అది కొత్త జాతి అయిపోదు. ఒకే జాతిలో రంగు ఊరూరికీ మారవచ్చు. పైగా మిథైల్ యూజినాల్‌కు వచ్చేవి మగ ఈగలే. ఆడ ఈగ గుడ్లు పెట్టే గొట్టాన్ని కొలవాలంటే పురుగు పట్టిన కాయల్ని ఇసుక మీద పరిచి, పురుగులు ఇసుకలోకి దిగి ప్యూపాలుగా మారి ఈగలయ్యేదాకా పెంచాలి. ఆ తర్వాత మగవాటి జననాంగాలు, డీఎన్‌ఏ, పాత నమూనాలతో పోలిక. ఇవన్నీ తేలాక ఒక్క నమూనాను పేరుకు ఆధారంగా ఎంచి, వర్ణన ప్రచురించి, ఆ నమూనాను మ్యూజియంలో భద్రపరుస్తారు.

ఇంత చేసినా తీర్పు తిరగబడవచ్చు. 2003లో కెన్యాలో కనిపించిన మామిడి ఈగకు 2005లో బాక్ట్రోసెరా ఇన్వాడెన్స్ అని కొత్త పేరు పెట్టారు. ఆఫ్రికాకు అది కొత్తే. కానీ పదేళ్ల తర్వాత, 2015లో, రూపం, జన్యువులు, జతకట్టే తీరు అన్నీ పోల్చిన శాస్త్రజ్ఞుల బృందం అది 1912లోనే హెండెల్ వర్ణించిన డోర్సాలిస్ అని తేల్చింది. అంటే మన తోటల్లో ఉన్న జాతే. కొత్త పేరు పెట్టడం కంటే పెట్టిన పేరును కొట్టేయడమే కష్టమైన పని. దానికి దక్కే గుర్తింపు మాత్రం తక్కువ.

డెల్టా వరిలో కథ ఎదురు దిక్కున నడిచింది. పిలకను ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చే ఉల్లికోడు కూడా దోమలాంటి ఓ చిన్న ఈగ పనే. 1889లో వుడ్-మేసన్ పేరు పెట్టిన ఈ ఓర్సియోలియా ఒరైజే ఆఫ్రికాలోనూ ఉందనే చాలాకాలం అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే రెండు ఖండాల నమూనాలను పోల్చి ఆఫ్రికాది వేరే జాతి అని చూపి, ఓర్సియోలియా ఒరైజివోరా అని పేరు పెట్టారు.

పేరు తేడా వ్యాపారాన్నీ తాకుతుంది. పండు ఈగలు దొరికాయని యూరోపియన్ యూనియన్ 2014 మే నుంచి కొన్ని నెలలు భారత మామిడిని ఆపేసింది. ఏ దేశం ఏ జాతిని అడ్డుకుంటుందో, ఏ శుద్ధి కోరుతుందో ఆ పేరును బట్టే ఉంటుంది.

తోటలో పట్టిన ఈగను పరిశీలనకు పంపదలచినవారు దాన్ని ఆల్కహాల్‌లో వేసి, ఊరు, తేదీ, ఏ కాయ నుంచి వచ్చిందో పెన్సిల్‌తో రాసిన చీటీ సీసాలోనే పెట్టాలి. చీటీ లేని ఈగ వర్గీకరణకు దాదాపు పనికిరాదు.