చూపు లేని బిడ్డ, నేర్చుకునే ఇల్లు

దృష్టిలోపమున్న పిల్లల కుటుంబాలకు తోడ్పడే సేవాసంస్థలను నడిపేవారి నేర్పు, కంటివైద్యుడు ఇక చేయగలిగింది లేదన్న చోట మొదలవుతుంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చికిత్సతో పాటు పునరావాసాన్ని, అంటే చూపు తిరిగిరాకపోయినా స్వతంత్రంగా బతకడం నేర్పే పనిని, తన బాధ్యతగా స్వీకరించింది; దాని గ్రామీణ కేంద్రాలలో ఒకటి నాగర్‌కర్నూల్ ప్రాంతపు తూడుకుర్తిలో ఉండటం చుట్టుపక్కల ఊళ్ల వారికి చిన్న మేలు కాదు.

కంటికి కనిపించే వస్తువే పసిబిడ్డను పాకడానికి పురికొల్పుతుంది గనుక, చూపు లేని బిడ్డ ఆలస్యంగా కదులుతుంది. ఆ లోటును తల్లి పిలుపుతో, గిలక్కాయ చప్పుడుతో, చేతికందించిన వేరుశనగ కాయల, జొన్నల స్పర్శతో పూడ్చే తొలిదశ శిక్షణను ఇలాంటి సంస్థల కార్యకర్తలు బిడ్డకంటే ముందు ఇంటివారికి నేర్పుతారు. శస్త్రచికిత్సల లెక్కలా దాతలకు చూపించుకోవడానికి వీలుకాని ఈ పనికి నిధులు సేకరించి, ఏళ్ల తరబడి నిలబెట్టడమే నాయకత్వంలోని అసలు కష్టం. వలసలకు పేరుపడ్డ ఈ పాలమూరు ప్రాంతంలో తల్లిదండ్రులు పనికోసం ఊరు విడిస్తే, అదే పాఠాన్ని నాయనమ్మకు మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వస్తుంది.