డైనోసార్ డైనోసార్‌గానే మిగిలే ప్రేమకథలు

జోర్బస్ అనే దూర గ్రహం మీద లాన్స్ అనే వ్యోమగామి ఏడాదిపాటు ఒంటరిగా డ్యూటీ చెయ్యాలి. పలకరించే దిక్కు లేదు. ఒకరోజు అతని స్టేషన్‌కి స్పేస్ సూట్ వేసుకుని ఇంకెవరో వస్తారు. తీరా చూస్తే వెలాసిరాప్టర్, అంటే డైనోసార్. అదీ వ్యోమగామే. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. ఆ స్నేహం పడక దాకా వెళుతుంది. చక్ టింగిల్ అనే కలంపేరుతో రాసే అమెరికన్ రచయిత 2015లో అమెజాన్‌లో సొంతంగా పెట్టుకున్న ‘స్పేస్ రాప్టర్ బట్ ఇన్వేజన్’ కథ ఇంతే.

ఇది పెద్దవాళ్లు మాత్రమే చదవాల్సిన కథ. రాక్షసులతో, వింత జంతువులతో శృంగారం అనే ఈ బాపతు కథలు ఆయన ఒక్కడే రాయలేదు. క్రిస్టీ సిమ్స్, అలారా బ్రాన్‌వెన్ అనే కలంపేర్లతో వచ్చిన ‘టేకెన్ బై ద టీ-రెక్స్’ 2013 నాటికే పేరు మోసింది. అంతకుముందే బిగ్‌ఫుట్ అనే వింతజీవి మీద ఒక కథల వరుస నడిచింది. 2013 చివర్లో ఈ-పుస్తకాలు అమ్మే కంపెనీలు ఇలాంటివాటిని జల్లెడపట్టి చాలావాటిని తీసేశాయి. అయినా ఆగలేదు. నీలిరంగు ఒళ్లు, కొమ్ములు ఉన్న గ్రహాంతరవాసులతో రూబీ డిక్సన్ రాసిన ‘ఐస్ ప్లానెట్ బార్బేరియన్స్’ కూడా మొదట సొంత ప్రచురణే. తర్వాత పెద్ద ప్రచురణసంస్థే దాన్ని అచ్చువేసింది. వీళ్లందరిలోకీ నవ్వునూ మోహాన్నీ ఒకే చేత్తో పట్టుకున్నవాడు మాత్రం టింగిలే అని నా నమ్మకం.

ఈ కథల సత్తా చదివి వినిపిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. హాస్యకథలు రాసే మిత్రుడొకడికి లాన్స్ కథను అప్పటికప్పుడు తెలుగు చేస్తూ చదివాను. పేరు వినగానే పగలబడి నవ్వాడు. లాన్స్ ఒంటరితనం దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆపి, “ఉండుండు, ఇంతకీ ఆ డైనోసార్ ఏమంది?” అన్నాడు. ఆ ప్రశ్న రాబట్టడమే ఈ కథల్లోని పనితనం.

హాస్యం శృంగారంలోంచి పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. మాట నిజమే. కానీ రాయడానికి కూర్చుంటే రెండూ ఒకచోట ఇమడవు. నవ్వు మొదలైతే మోహం చల్లారిపోతుంది, మోహం ముదిరితే నవ్వడానికి తీరికుండదు. టింగిల్ నవ్వంతా పేరులోనూ పరిస్థితిలోనూ పెట్టేస్తాడు. లోపలికి వెళ్లాక పాత్రలేవీ తమని తాము వెక్కిరించుకోవు. డైనోసార్లు, యూనికార్న్‌లు, బిగ్‌ఫుట్‌లు మనుషుల మధ్య మామూలుగా బతికేస్తుంటాయి. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసినప్పుడు వెంటనే ఒక కథ రాశాడు. అందులో ప్రేమికుడు ప్రాణమున్న పౌండ్ నాణెం! ఆ నాణేనికీ మర్యాద ఉంటుంది, మనసు ఉంటుంది. నేను చదివినవాటిలో ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. అందుకే ఎంత విడ్డూరమైన సన్నివేశమైనా ఎబ్బెట్టుగా అనిపించలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకొకటుంది. భారతంలో హిడింబ భీముణ్ణి వలచినప్పుడు రాక్షస రూపం వదిలేసి అందగత్తెగా ఎదుటికి వస్తుంది. ఫ్రెంచివాళ్ల ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’లో మృగం చివరికి రాకుమారుడైపోతాడు. ప్రేమ దక్కాలంటే ఆ రూపం పోవాల్సిందేనని పాతకథల షరతు. ఈ కొత్త కథల్లో ఆ షరతు లేదు. డైనోసార్ చివరిదాకా డైనోసారే. తోక ఊడిపోదు, గోళ్లు మాయం కావు, శాపం తీరి ఎవరూ మనిషైపోరు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఒకరు వలచి దగ్గరికి తీసుకుంటారు. నల్లగా ఉన్నానని, లావుగా ఉన్నానని, నలుగురిలా మాట్లాడలేనని కుమిలిపోయినవాళ్లు లోకంలో తక్కువా? వాళ్లకి ఈ వెర్రికథలో దొరికే ఊరట, చక్కని నాయికానాయకులున్న ప్రేమకథలో దొరకదు. టింగిల్ తాను ఆటిజం ఉన్నవాణ్ణని బాహాటంగా చెప్పుకున్నాడు. బయట కనిపించినప్పుడు ముఖానికి గులాబీరంగు ముసుగు, దాని మీద ‘ప్రేమ నిజం’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది.

ఆ మాటకి పరీక్ష 2016లో వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌లో పెద్దగౌరవమైన హ్యూగో అవార్డుల పరువు తియ్యాలని ‘రాబిడ్ పప్పీస్’ అనే వర్గం ఓట్లు కూడగట్టి లాన్స్ కథను నామినేషన్ దాకా తెచ్చింది. వాళ్ల దృష్టిలో అతనొక కోమాళి, అవార్డు మొహాన కొట్టడానికి దొరికిన బురద. ఆయన ఆ అవమానం తీసుకోలేదు. తన హ్యూగో నామినేషన్నే ప్రేమికుణ్ణి చేసి ఇంకో కథ రాసేశాడు. అవార్డు వస్తే తన తరఫున గేమ్ డెవలపర్ జోయీ క్విన్ అందుకుంటారని ప్రకటించాడు. ఇంటర్నెట్‌లో అలాంటి మూకల చేతుల్లోనే ఘోరమైన వేధింపులు పడ్డ మనిషి క్విన్. చివరికి అవార్డు నయోమీ క్రిట్జర్ కథకి వెళ్లింది. మరుసటి ఏడాది టింగిల్ బెస్ట్ ఫ్యాన్ రైటర్ విభాగంలో మళ్లీ ఫైనల్ జాబితాకెక్కాడు. తన ధోరణిలోనే నవ్విస్తూ నెగ్గుకొచ్చిన తీరు నాకెంతో గొప్పగా తోచింది.

2023లో టార్ నైట్‌ఫైర్ వేసిన ఆయన నవల ‘క్యాంప్ డమాస్కస్’లో నవ్వులు తక్కువ. స్వలింగ ప్రేమను ‘నయం చేస్తాం’ అనే మతశిబిరం మీద రాసిన భయానక కథ అది. అయినా దానిక్కావలసిన ధైర్యం డైనోసార్ కథల్లోనే అలవడిందనిపిస్తుంది. ఎవరి ప్రేమా నవ్వులాటకాదని అక్కడే తేల్చుకున్నాడు కదా.

మన సినిమాల్లో, టీవీ స్కిట్లలో శృంగారం మీద హాస్యం అనేసరికి లావుపాటి మనిషో, ఆడవేషం కట్టిన మగవాడో, పెళ్లికాని నడివయసు ఆడమనిషో నవ్వులపాలవుతుంటారు. హాస్యం రాసేవాళ్లకి నాదొక విన్నపం. ఈసారి అలాంటి సీను రాసేటప్పుడు, ఆ మనిషిని మనస్ఫూర్తిగా వలచే ఇంకో మనిషిని కూడా అందులో పెట్టి రాయండి.